కేంద్రం చెరువులో ఉంది

వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. తొమ్మిదో తరగతి అయిపోయింది, పదిలోకి వెళ్లబోతోంది. సెలవులని పేరే గానీ బడివాళ్లు ఓ లెక్కల కట్ట చేతిలో పెట్టి పంపారు. ఒకరోజు పొద్దున్నే వరండాలో కూర్చుని చేస్తూ చేస్తూ పెన్ను పక్కన పడేసింది.

"తాతయ్యా, లోకంలో గుండ్రటి వస్తువులన్నింటికీ వ్యాసార్ధం ఏడేనా?"

కళ్లజోడు పెట్టుకుని చూశాను. నిజమే. నీళ్ల ట్యాంకు వ్యాసార్ధం 7 మీటర్లు. ఐస్‌క్రీం శంకువుది 3.5 సెంటీమీటర్లు. గుడారానిది 14, గుమ్మటానిది 21. పై విలువ 22/7 తీసుకోమంటారు కదా, కింద ఉన్న ఏడు కొట్టేసుకుపోవడానికి ఈ ఏర్పాటు. మీరూ నేనూ ఈ ఏళ్లతోనే గట్టెక్కాం.

"సరే, ఇక్కడ వాళ్లే ఇచ్చారు. బయట ఎవరిస్తారు?" అంది మళ్లీ. "మా సైన్సు పుస్తకంలో భూమి వ్యాసార్ధం 6400 కిలోమీటర్లని ఉంది. టేపు పట్టుకుని లోపలికి ఎవరు దిగారు?"

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజుల తర్వాత, మా ఊరి రోడ్డు మలుపు దగ్గర, ఒక తాడు పట్టుకుని చెప్పాను. ఈ వారం ఆ సంగతే.

వ్యాసార్ధమంటే ఏమిటో అందరికీ తెలుసు. కేంద్రం నుంచి అంచు దాకా ఉన్న దూరం. బావి తవ్వేటప్పుడు మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు కొసన పుల్లతో చుట్టూ గీత గీస్తారు. అక్కడ కేంద్రం మన చేతిలోనే ఉంది. చిక్కల్లా అప్పటికే తయారై ఉన్న గుండ్రటి వస్తువు ఎదురైనప్పుడు వస్తుంది. చెంబుకి మధ్య బిందువు ఎక్కడ? గాలిలో. స్తంభానికి? రాయి లోపల. భూమికి? చెప్పక్కర్లేదు. గీసేవాడికి కేంద్రం ఉంటుంది, కొలిచేవాడికి అంచు మాత్రమే దొరుకుతుంది.

మాటల్లో కూడా ఈ తేడా కనబడుతుంది చూడండి. రేడియస్ అనే లాటిన్ మాటకి చక్రంలోని పుల్ల అని అర్థం. ఎడ్లబండి చక్రంలో మనం ఆకులంటామే, అవే. అది చక్రం చేసేవాడి మాట. మన వ్యాసార్ధం అంటే వ్యాసంలో సగం. ఇది కొలిచేవాడి మాట. ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలువు, సగం చెయ్యి, అయిపోయింది. ఇంజనీర్లు కూడా గొట్టాన్నీ, షాఫ్టునీ, బోల్టునీ వ్యాసంతోనే చెప్పుకుంటారు. కాలిపర్స్ పట్టుకునేది వ్యాసాన్నే.

మీ ఇంట్లో గాజులు చూడండి. కొట్టువాడు "రెండూ నాలుగా, రెండూ ఆరా అమ్మా?" అంటాడు. చాలామంది దాన్ని రెండు పాయింట్ నాలుగు అనుకుంటారు. కాదు. 2-4 అంటే రెండు అంగుళాలూ, అంగుళంలో పదహారు వంతులకి నాలుగు వంతులూ. మన పాత లెక్కలో పదహారో వంతుని వీసం అనేవాళ్లు, అంటే రెండు అంగుళాల నాలుగు వీసాలు. గాజు లోపలి వ్యాసం 2.25 అంగుళాలు, దగ్గర దగ్గర 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే 60 చిల్లర, 2-8 అంటే 63.5. ఒక సైజుకీ తర్వాత సైజుకీ వ్యాసంలో తేడా 3 మిల్లీమీటర్లు, వ్యాసార్ధంలో ఒకటిన్నర. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు కోసమే కొత్త పెళ్లికూతురి చేతికి సబ్బు రాయాల్సి వస్తుంది.

గాజుకి అవతలి అంచు ఉంది కాబట్టి బతికిపోయాం. అవతలి అంచే లేకపోతే? గుండ్రంలో ఒక చిన్న ముక్క మాత్రమే మనముందుంటే?

మా ఊరికి కిలోమీటరు దూరంలో చెరువుకట్ట పక్కన రోడ్డు మలుపు తిరుగుతుంది. మా వీధి చివర టైలరు గారి అబ్బాయి రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు ఆ మలుపులోనే పోయాడు. మోటారుసైకిలు మీద ఒక్కడే వస్తున్నాడు. ఎదురుగా ఏ బండీ లేదు. తాగుడు అలవాటు కూడా లేదు. మలుపు తిరుగుతూ తిరుగుతూ బయటికి జారి రాతికట్టకి కొట్టుకున్నాడు. ఊళ్లో తలా ఒక మాట అన్నారు. కుర్రాడి దూకుడన్నారు, ఆ చోటు మంచిది కాదన్నారు, నిమ్మకాయలు కూడా కట్టారు. అక్కడ 40 అని అంకె వేసిన బోర్డు ఒకటి ఉంది. తుమ్మకొమ్మలు కమ్మేసి అదెవరికీ కనబడదు. ఆ 40 ఎక్కణ్నుంచి వచ్చిందో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు.

పిల్ల ప్రశ్న అడిగాక ఆ మలుపు గుర్తొచ్చింది. తెల్లవారుజామున, బండ్లు లేని వేళ, సరిగ్గా 20 మీటర్లు కొలిచిన నైలాన్ తాడు, ఇంట్లో ఉన్న టేపు, రెండు మేకులు తీసుకుని ఇద్దరం వెళ్లాం. మలుపు లోపలి వైపు తెల్లగీత మీద రెండు చోట్ల తాడు కొసలు పెట్టి బిగించాం. లోపలి వైపు కాబట్టి తాడు రోడ్డు మీదికి రాదు, పక్కనున్న మట్టి మీదే ఉంటుంది. తాడు తిన్నగా ఉంది, తెల్లగీత వంపుగా రోడ్డు వైపు ఉబ్బింది. తాడు సరిగ్గా మధ్య నుంచి తెల్లగీత దాకా పిల్ల టేపు పెట్టి కొలిచింది. 88 సెంటీమీటర్లు.

"ఇదేం ఆకారమో చెప్పు" అన్నాను.

"విల్లు" అంది టక్కున.

అవును మరి. లెక్కల పుస్తకంలో చాపం అంటే విల్లే, జ్యా అంటే వింటినారే. మధ్యలో నారికీ వింటికీ ఉన్న ఆ ఎడాన్ని మనవాళ్లు శరం అన్నారు, అంటే బాణం. లాటిన్‌లో కూడా దాన్ని సజిట్టా అంటారు, దాని అర్థమూ బాణమే. బడిలో విల్లూ నారా ఇచ్చి బాణం మాత్రం ఇవ్వడం మానేశారు. తీరా చూస్తే బయట పనికొచ్చేది ఆ బాణమే.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం అనే భాగం ఉంది. అందులో ఆర్యభటుడు చెప్పిన సూత్రం ఇదీ: జ్యాకి లంబంగా మధ్యలో నిలబడిన వ్యాసాన్ని జ్యా రెండు శరాలుగా కోస్తుంది. ఆ రెండు శరాలనీ గుణిస్తే సగం జ్యా వర్గం వస్తుంది. మా తాడులో సగం 10 మీటర్లు, దాని వర్గం 100. మా చేతికందిన చిన్న శరం 0.88. వందని 0.88తో భాగిస్తే 113.6. అది చెరువు మీదుగా అవతలికి పోయే పెద్ద శరం. రెండూ కలిపితే వ్యాసం 114.5 మీటర్లు. సగం చేస్తే 57.

"అంటే కేంద్రం..." అని పిల్ల చెయ్యి చాపి చూసింది. తెల్లగీతకి 57 మీటర్ల లోపల, తామరాకుల మధ్య, నీళ్లలో ఉంది కేంద్రం. ఎవరూ దిగక్కర్లేకపోయింది.

ఇంకో రెండు చోట్ల కూడా కొలిచాం. ఒకచోట 86, ఇంకోచోట 91. లెక్కకడితే వ్యాసార్ధం 55 నుంచి 59 మీటర్ల మధ్య ఊగుతోంది. కాగితం మీది వృత్తానికి ఒకటే వ్యాసార్ధం. నేల మీది వంపుకి చోటుకొకటి. రెండు మీటర్ల తాడు తెచ్చుకునుంటే బాణం 9 మిల్లీమీటర్లు కూడా ఉండేది కాదు, తెల్లగీత రంగు మందంలో కలిసిపోయేది. తాడు పదిరెట్లు పొడవైతే బాణం వందరెట్లు అవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, భూమి దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ కావాలి.

ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లకి స్ఫెరోమీటర్ గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్లు, మధ్యలో స్క్రూ. అద్దపు గిన్నె మీద పెట్టి స్క్రూ తిప్పి వక్రతా వ్యాసార్ధం కట్టేవాళ్లం. అదీ ఈ బాణం లెక్కే. మూడు కాళ్లూ తాడు పని చేస్తాయి, స్క్రూ ఎంత దిగిందో ఎంత లేచిందో అదే బాణం. కళ్లజోడు అద్దానికీ టెలిస్కోపు అద్దానికీ వంపు చూసింది ఈ ఉపాయంతోనే.

మా మేనమామ రైల్వేలో పట్టాల పని చేసేవాడు. వంపు దగ్గర ఇద్దరు మనుషులు బయటి పట్టా లోపలి ముఖానికి 20 మీటర్ల దారం బిగించి పట్టుకునేవారు, మూడోవాడు మధ్యలో స్కేలు పెట్టేవాడు. పది మీటర్లు ముందుకి జరిగి మళ్లీ అదే పని. దాన్ని వెర్సైన్ తియ్యడం అంటారు. 50,000ని వ్యాసార్ధం మీటర్లతో భాగిస్తే వెర్సైన్ మిల్లీమీటర్లలో వస్తుంది. 875 మీటర్ల వంపుకి 57 మిల్లీమీటర్లు. మన రైల్వేలో దాన్ని రెండు డిగ్రీల వంపంటారు, 1750ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే అంకె అది. పెద్ద లైన్ మీద పది డిగ్రీలు దాటనివ్వరు, అంటే 175 మీటర్ల కన్నా చిన్న వ్యాసార్ధం ఉండకూడదు. ఒకచోట 57, పక్కచోట 70, ఆ పక్కన 45 వచ్చిందంటే పట్టా జరిగిందన్నమాట. అక్కడ రైలు కుదుపుతుంది. మనం పెట్టెలో పడుకుని హాయిగా నిద్రపోతున్నామంటే ఎండలో ఎవరో దారం పట్టుకుని నిలబడ్డారని అర్థం.

ఇక మా మలుపు. వంపులో బండిని బయటికి పోనివ్వకుండా లోపలికి పట్టి ఉంచేవి రెండే. టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు ఒకటి, రోడ్డు బయటి అంచుని కాస్త ఎత్తి కట్టడం ఇంకొకటి. మన రోడ్ల ప్రమాణాల్లో పట్టుకి 0.15, ఎత్తుకి మైదానంలో ఎక్కువలో ఎక్కువ 0.07 లెక్కేస్తారు. మొత్తం 0.22. గంటకి ఇన్ని కిలోమీటర్లు అనే వేగాన్ని వర్గం చేసి, 127తోనూ వ్యాసార్ధంతోనూ భాగిస్తే వచ్చేది ఈ 0.22 దాటకూడదు. పిల్ల అక్కడే ఫోనులో లెక్క కట్టింది. 57 మీటర్లకి ఎంత వేగం?

సరిగ్గా 40.

ఇద్దరం తుమ్మకొమ్మల వెనకున్న బోర్డు వైపు చూశాం. ఆ అంకె ఎవరో ఉబుసుపోక రాసింది కాదు. ఆ మలుపు వ్యాసార్ధమే వేగంగా మారి అక్కడ నిలబడి ఉంది.

"మరి 80లో వస్తే?"

ఇక్కడ వర్గం ఉంది కాబట్టి రెట్టింపు వేగానికి నాలుగు రెట్లు వ్యాసార్ధం కావాలి, 230 మీటర్లు. 57లోనే తిరగాలంటే 0.22 బదులు 0.88 కావాలి. ప్రమాణాల్లో కొంత జాగ్రత్త కోసం తగ్గించే వేస్తారు నిజమే. కానీ 0.88 అంటే ఎండిన మంచి తారురోడ్డు మీద కూడా టైరుకి తలకు మించిన పని. పైగా సంక్రాంతి ముందు మా రోడ్డు మీద వరిగడ్డి పరిచి ఉంటుంది. ఆ అబ్బాయి ఎంత వేగంతో వచ్చాడో నాకు తెలియదు, తేల్చడం నా పనీ కాదు. ఆ చోటులో దయ్యం లేదు, 57 ఉంది. అది తెలిసి ఉంటే నిమ్మకాయల బదులు ఎవరైనా కొడవలి పట్టుకుని ఆ కొమ్మలు నరికేవాళ్లేమో. ఆ ఎవరైనాలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చాక భూమి సంగతి ఎత్తింది. ఉపాయం అదే, తాడు మాత్రం పెద్దది.

క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న ఎరటోస్తనీస్ ఈ లెక్క కట్టాడు. ఎండాకాలంలో పొద్దు బాగా పైకెక్కే రోజున సియీన్ ఊళ్లో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, మిట్టమధ్యాహ్నం నీడ పడదు. అదే వేళకి ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఆ నీడ కోణం పూర్తి చుట్టులో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5000 స్టేడియా. యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత వచ్చేసింది. చుట్టుకొలత తెలిస్తే వ్యాసార్ధం ఎంత సేపు?

పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ ఇంకో దారి పట్టాడు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులో నందన కోట దగ్గర కొండెక్కి, దూరంగా నేలా నింగీ కలిసే గీత కళ్ల మట్టానికి ఎంత కిందికి ఉందో చూశాడు. అర డిగ్రీకి కాస్త ఎక్కువ. కొండ ఎత్తు ముందే కొలుచుకున్నాడు. ఆ రెంటితోనే భూమి వ్యాసార్ధం కట్టాడు. రెండు ఊళ్ల మధ్య నడక కూడా అక్కర్లేదు, ఒక కొండ చాలు.

మన దగ్గరా ఈ పని జరిగింది. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల గీతని గొలుసుతో కొలిచి మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ 78 డిగ్రీల రేఖాంశం వెంట కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా పోయారు. కర్నూలూ మహబూబ్‌నగరూ దాదాపు ఆ గీత మీదే ఉన్నాయి. లాంబ్టన్ 1823లో దారిలోనే చనిపోతే జార్జ్ ఎవరెస్ట్ అందుకున్నాడు. పటాలు గియ్యడం ఒక పనైతే, భూమి ఆకారమూ కొలతా తేల్చడం ఇంకో పని. చిన్న తాడుతో బాణం దొరకదని మలుపు దగ్గర చూశాం కదా, అందుకే అంత పొడుగు గీత. 1830లో ఎవరెస్ట్ కట్టిన భూమధ్యరేఖ వ్యాసార్ధం సుమారు 6377.3 కిలోమీటర్లు. ఇప్పుడు ఉపగ్రహాలు చెబుతున్నది 6378.1. గొలుసులతో, దూరదర్శినులతో, కొండలమీదా గోపురాల మీదా నిలబడి తెచ్చిన అంకెకి కిలోమీటరు కూడా తేడా లేదు.

అయితే మా మలుపులాగే భూమికీ ఒకటే వ్యాసార్ధం లేదు. తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము ఉబ్బింది. ధ్రువాల దగ్గర 6356.8 కిలోమీటర్లే, అంటే 21 కిలోమీటర్లు తక్కువ. కాబట్టి భూమి కేంద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న శిఖరం ఎవరెస్ట్ కాదు. ఈక్వెడార్‌లో భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న చింబొరాజో. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్ట్ కన్నా రెండున్నర కిలోమీటర్లు పొట్టి, కేంద్రం నుంచి కొలిస్తే రెండు కిలోమీటర్లు పొడుగు. ఎక్కణ్నుంచి కొలుస్తున్నామో చెప్పకుండా అంకె చెబితే సగమే చెప్పినట్టు.

ఇక అంచు కూడా లేని వస్తువులున్నాయి. పరమాణువుకి తొక్క ఉండదు, ఎలక్ట్రాన్ల మేఘం పలచబడుతూ పోతుంది. అందుకే రసాయనశాస్త్రంలో వ్యాసార్ధమంటే పక్క పరమాణువు ఎంత దూరంలో నిలబడిందో చూసి చెప్పే మాట. సోడియం లోహంలో ఉంటే 186 పికోమీటర్లు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉప్పులోకి చేరితే సుమారు 100. ఎవరి పక్కన ఉన్నావు అన్నదాన్ని బట్టి కొలత.

ప్రోటాన్ సంగతి ఇంకా తమాషా. మిల్లీమీటరుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోమీటరు. ప్రోటాన్ వ్యాసార్ధం దాదాపు 0.88 ఫెమ్టోమీటర్లని చాలాకాలం అందరూ ఒప్పుకున్నారు. 2010లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రాన్ స్థానంలో దానికన్నా 200 రెట్లకి పైగా బరువైన మ్యూయాన్‌ని పెట్టి చూస్తే 0.84 వచ్చింది. నాలుగు శాతం తేడా. మనకి ఇదో లెక్కా అనిపిస్తుంది గానీ భౌతికశాస్త్రవేత్తలకి ఏళ్లపాటు నిద్రలేదు. 2019లో కెనడా, అమెరికాల్లో ఎలక్ట్రాన్లతోనే చేసిన కొత్త కొలతలు కూడా చిన్న అంకె వైపే మొగ్గాయి. ఇప్పుడు ఆమోదించిన విలువ 0.84 దగ్గరే ఉంది. పుస్తకాల్లో అంకె మార్చారు. అంతమంది కలిసి ఒప్పుకున్న అంకెని కూడా మళ్లీ కొలిచి చూసేవాళ్లు ఉండబట్టే కదా.

మా మనవరాలి లెక్కల కట్ట పూర్తయింది, ఏళ్లన్నీ కొట్టేసుకుపోయాయి. ఊరెళ్లే ముందు రోజు కొడవలి, నిచ్చెన తీసుకుని మళ్లీ మలుపుకి వెళ్లాం. టైలరు గారు కూడా వచ్చారు. ఆయనకి లెక్కంతా చెప్పాలా వద్దా అని నాలో నేనే తటపటాయించాను. ఈలోగా పిల్లే తాడు తీసి ఒక కొస ఆయన చేతికిచ్చింది. ఆయన బట్ట కొలిచే మనిషి, తాడు ఎలా బిగించాలో వేరే చెప్పక్కర్లేకపోయింది. టేపు ఆనించి అంకె చూసి, లెక్క విని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నిచ్చెన ఎక్కి కొమ్మలు ఆయనే కొట్టారు.

40 ఇప్పుడు రెండు వైపుల నుంచీ కనబడుతోంది. రంగు వెలిసింది, కొత్త బోర్డు కోసం అర్జీ పెట్టాం. దానికి మా కొలతల కాగితం కూడా జత చేశాం.

మీ ఊళ్లోనూ ఇలాంటి మలుపు ఒకటి ఉండే ఉంటుంది. 20 మీటర్ల తాడు, ఒక టేపు, తెల్లవారుజాము చాలు. లోపలి వైపే ఉండండి, రోడ్డు మీదికి మాత్రం రాకండి. ఎంత వచ్చిందో రాయండి.